ప్రభువు బల్ల ద్రాక్షరసంలో బుడగలు

మొన్న బల్ల ఆదివారం మా గుడిలో ఆరాధన మధ్యలో లేచి నిలబడి, "ఆగండి, అందులో సబ్బు ఉండొచ్చు" అన్న ముసలమ్మ ఎవరో కాదు, నేనే. ఈపాటికి ఆ కబురు రైలెక్కి ఖరగ్‌పూర్ దాకా పోయే ఉంటుంది. ఒకరేమో నేను ద్రాక్షరసంలో బట్టల సబ్బు కలిపానంటున్నారట, ఇంకొకరు సారా కలిపానంటున్నారట. వాళ్ళూ వీళ్ళూ చెప్పగా వినేకంటే నా నోటితోనే వినండి. టీ తాగుతూ వినండి, చల్లారిపోతుంది. ముందే ఒక మాట చెప్పేస్తున్నాను. ఇందులో కొంత నాకే ఇప్పటికీ అర్థం కాలేదు. మధ్యలో మీకు తికమకగా ఉంటే తప్పు మీది కాదు.

హౌరాలో మా టికియాపారా తెలుగు గుడిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్కతో పాటు బొటనవేలంత గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం ఇస్తారు. కొట్లో కొన్నది మా సంఘం ఒప్పుకోదు, ఇంట్లో చేసిందే కావాలి. మా ఆయన రైల్వే కార్‌షెడ్‌లో ఫిట్టరు. పెళ్ళై నేను ఈ ఊరు వచ్చినప్పుడు ఆ రసం మా అత్తగారు చేసేవారు. ఆవిడ పోయాక ఆ పని నాకు వచ్చింది. మా ఆయన కూడా పోయాక నాకంటూ మిగిలిన పని అదొక్కటే. నల్ల ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, పల్చటి గుడ్డలో పిండి, పంచదార వేసి మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, చల్లారాక సీసాల్లో పోయాలి. రెండు సీసాలైతే సంఘమంతటికీ సరిపోతుంది.

ఇందులో మా అత్తగారు పెట్టిపోయిన నియమం ఒకటుంది. రసం చేసేవాళ్ళు రుచి చూడకూడదు. బల్ల మీదికి వెళ్ళకముందు ఎవరి నోటా పడకూడదు. కొత్తకోడలిని కదా, "ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"మన తాతలు నైవేద్యం పెట్టకుండా ముందే తినీసేవోరేటి? దేవుడు మారితే మర్యాద కూడా మారిపోద్దా?" అన్నారావిడ. అంతే. ఇన్నేళ్ళలో నా నాలుక మీద ఒక్క చుక్క పడలేదు. పంచదార కూడా కొలత మీదే వేస్తాను.

ఇక నా సంగతి. నాకు చదువు లేదు, చదవడం ఉంది. బడికి పంపింది కొన్నాళ్ళే. మిగతాదంతా అట్టపెట్టెల మీద, పొట్లం కాగితాల మీద, మా ఆయన హౌరా స్టేషను దగ్గర పాత పుస్తకాలవాడి దగ్గర కొని తెచ్చిన చిరుగుల పత్రికల మీద నేర్చుకున్నాను. గ్రహణాలు, తేనెటీగలు, గుండె ఎలా కొట్టుకుంటుంది, ఏది దొరికితే అది చదివేదాన్ని. అదే నా ఆస్తి. ఇప్పుడా ఆస్తి ఎక్కడో చిల్లుపడ్డ సంచిలో ఉన్నట్టు అనిపిస్తోంది. వేసవిలో నా కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దొరికింది. ఆ తర్వాత పాలు పొయ్యి మీద పెట్టి మేడ మీద బట్టలు ఆరెయ్యడానికి పోయాను. పక్కింటి బెంగాలీ ఆవిడ, బౌదీ అంటాం, మాడు వాసన పట్టి తలుపు బాదితే గానీ గుర్తు రాలేదు.

మా అబ్బాయి సామ్యూల్ రైల్వేలోనే. మితభాషి. ఆ రోజు మాత్రం అన్నం ముందు కూర్చుని, "అమ్మా, కలకత్తాలో సాల్ట్ లేక్ దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష చేసే డాక్టరు ఉన్నాడట, ప్రిస్కిల్లా ఆఫీసుకి దగ్గరే. ఒకసారి చూపించుకుందాం" అన్నాడు.

"నాకేటయిందిరా?"

"ఏటీ అవలేదనే చెప్తాడులే" అన్నాడు. ఆ 'లే' నాకు నచ్చలేదు.

ప్రిస్కిల్లా మా కోడలు. ఖరగ్‌పూర్ పిల్ల. ఆఫీసు సెక్టర్ ఫైవ్‌లో, పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రమే రావడం. మాట్లాడేటప్పుడు తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ ఒకే పోపులో వేస్తుంది. మంచిదే, కానీ నేను మరిచిపోయిన సంగతి ఏదైనా కనబడితే ఏమీ అనకుండా తనే సర్దేస్తుంది. తిట్టినా బాగుండు.

వీళ్ళు చాలరని మా ఎస్తేరు వదిన. మా ఆయన అక్క. రెండు వీధుల అవతల ఉంటుంది. పోయిన నెల స్త్రీల సమాజంలో లేచి, "మా సుగుణ పాపం పెద్దదైపోనాది, మొన్న పాలు మాడిచీసింది. ఈ రసం పని ఇకనించి నాకు ఒగ్గేయండి" అంది. నాకంటే ఆవిడే పెద్దది. అక్కడున్న అందరికీ తెలుసు. కానీ పాలు మాడ్చింది నేను.

మా పాస్టరు అయ్యగారు మొహమాటస్తుడు. "ఈ నెలకి సుగుణమ్మగారినే చెయ్యనిద్దాం. ఎలా ఉంటుందో చూసి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. అంటే పరీక్ష పెట్టారన్నమాట. ఈ నెల రసం చెడితే పని వదినకి పోతుంది, నేను సాల్ట్ లేక్ పోతాను.

అందుకని శుక్రవారం సాయంత్రం చేసిన ప్రతి పనీ పైకి చెప్పుకుంటూ చేశాను. సీసాలు గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగాను. "కడిగాను" అన్నాను. మంచినీళ్ళతో తొలిచాను. "తొలిచాను" అన్నాను. బోర్లించాను, ఆరాయి. రసం పోశాను, మూతలు పెట్టాను, ఫ్రిజ్‌లో పెట్టాను. అన్నీ పైకి చెప్పాను. తర్వాత పక్క వీధిలో ప్రార్థన కూడిక ఉంటే వెళ్ళాను. వచ్చేసరికి ప్రిస్కిల్లా ఆఫీసు నుంచి వచ్చి వంటింట్లో నేల తుడుస్తోంది. "ఎందుకమ్మా ఇప్పుడు?" అంటే, "ఎమ్నీ అత్తయ్యా, ఊరికే, కొంచెం జిడ్డుగా ఉంటే" అంది. నేను మంచి పిల్ల అనుకున్నాను.

శనివారం పొద్దున్న కొడుకు డ్యూటీకి పోయాడు. కోడలు కూడా ఆఫీసు ఉందంటూ టిఫిను తినకుండా పోయింది. నేను సీసాలు తీసి బల్ల మీద పెట్టి, వెలుగులోకి తిప్పి చూశాను.

ఒక సీసా మామూలుగా ఉంది. రెండో సీసాలో బుడగలు.

అడుగు నుంచి సన్నటి బుడగలు వరసగా పైకి వస్తున్నాయి. కొన్ని గాజుకి అంటుకుని కూర్చున్నాయి. పైన మెడ దగ్గర ఉంగరంలా నురుగు.

పులిసిందా? పులిస్తే రెండూ పులవాలి కదా. ఒకే గిన్నె, ఒకే గుడ్డ, ఒకే చెయ్యి, ఒకే ఫ్రిజ్. ఒకటి ఊరుకుని ఒకటి ఎలా బుసబుసలాడుతుంది? ఇక మిగిలింది ఒకటే. ఒక సీసా తొలిచాను, రెండోదాన్ని సబ్బుతోనే వదిలేశాను. "తొలిచాను" అని పైకి చెప్పింది ఒక్కసారేనా, రెండుసార్లా? ఎంత తలచుకున్నా ఒక్కసారే వినబడుతోంది నాకు. అంటే డాక్టరు దగ్గరికి పోవలసిందే.

ఇంకొకళ్ళయితే ఒక చుక్క నాలిక మీద వేసుకుని తేల్చేసేవారు. నాకు ఆ దారి లేదు. కళ్ళతోనే తేల్చాలి. అప్పుడు గుర్తొచ్చింది తలతన్యత.

ఎప్పుడో పాత పత్రికలో చదివాను. నీళ్ళకి పైన ఒక బిగువు ఉంటుందట, డప్పు మీద తోలు లాగినట్టు. దాని పేరు తలతన్యత. నీళ్ళలో గాలి బుడగ ఉంటే దాని చుట్టూ కూడా అదే బిగువు. అందుకే బుడగ గుండ్రంగా ఉంటుంది. ఆ బిగువుని బట్టే బుడగ పెద్దదవడం, చిన్నదవడం, గబగబా పైకి పోవడం, నింపాదిగా పోవడం. సబ్బు పడితే బిగువు తగ్గిపోతుంది. ఇదంతా గుర్తుంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇంత కష్టమైన మాట గుర్తున్నదానికి డాక్టరు ఎందుకు?

అయితే బిగువు తగ్గితే బుడగ చిన్నదవుతుందా, పెద్దదవుతుందా? అక్కడికి వచ్చేసరికి నా బుర్రలో పేజీ చిరిగిపోయి ఉంది. బిగువు తగ్గితే వదులు జాకెట్టులా బుడగ పెద్దదవ్వాలి కదా అంటుంది ఒక మనసు. కాదు, పట్టు తగ్గితే చిన్నగా ఉన్నప్పుడే జారి పైకి పోతుంది అంటుంది ఇంకో మనసు. రెండూ సబబుగానే ఉన్నాయి.

సరే, చేసి చూస్తే పోలా. రెండు గాజు గ్లాసులు తీశాను. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఇంకోదాంట్లో సబ్బు చుక్క కలిపిన నీళ్ళు. ప్రిస్కిల్లా చల్ల కాఫీ తాగే స్ట్రా ఒకటి దొరికింది. అడుగు దాకా పెట్టి మెల్లిగా ఊదాను. మంచినీళ్ళలో బుడగలు బఠాణీలంత, బుడుంగుమని పైకి వచ్చి చటుక్కున పగిలిపోయాయి. సబ్బునీళ్ళలో ఆవగింజలంత. నింపాదిగా వచ్చి, పైన ఒకదాన్నొకటి పట్టుకుని, ఇల్లు కట్టుకున్నట్టు కూర్చున్నాయి. పగలవు. అంటే రెండో మనసే గెలిచింది. సబ్బుంటే చిన్నవి, పోనివి.

ఇప్పుడు సీసా చూశాను. బుడగలేమో చిన్నవి. సబ్బే అనుకున్నాను. కానీ పైకి వచ్చి పగిలిపోతున్నాయి. సబ్బు కాదు. కానీ నురుగు ఉంది. సబ్బే. కానీ ఆ నురుగు నిలవడం లేదు, నేను చూస్తుండగానే పల్చబడుతోంది. మరి ఏమిటిది? పంచదార పాకంలో సబ్బు వేరుగా ఉంటుందేమో. నీళ్ళతో పోల్చితే ఎలా? రసాన్ని రసంతోనే పోల్చాలి.

ఇక్కడే నా తెలివి నన్ను ముంచింది. నీళ్ళు పారబోసి, గ్లాసులు తొలిచి, ఆ బుడగల సీసాలోంచే కొంచెం కొంచెం రెండు గ్లాసుల్లోకీ వంపాను. ఒకదాన్ని అలాగే ఉంచాను. ఇంకోదాంట్లో, ఎడమ గ్లాసులో, కావాలని ఒక సబ్బు చుక్క వేశాను. రెండూ ఒకేలా ఉంటే సీసాలో సబ్బు ఉన్నట్టు. వేరుగా ఉంటే లేనట్టు. ఎంత చక్కని ఆలోచన అనుకున్నాను. వంగి, ఇటు నుంచి చూశాను, బల్ల చుట్టూ తిరిగి వెలుగు వైపు నుంచి చూశాను. రెండిట్లోనూ బుడగలు లేస్తున్నాయి. ఒకదాంట్లో నురుగు కాస్త ఎక్కువేమో అనిపించింది, కళ్ళజోడు తుడుచుకుని చూస్తే రెండోదాంట్లో ఎక్కువేమో అనిపించింది.

అప్పుడే సందులో ఎస్తేరు వదిన గొంతు వినబడింది. పక్కింటి బౌదీతో మాట్లాడుతోంది. ఆవిడ పలకరింపు ఎంతసేపో ఉండదు. బల్ల మీద సబ్బు సీసా, స్ట్రా, రెండు గ్లాసుల ప్రభువు రసం. ఈ ప్రదర్శన చూసిందంటే సాల్ట్ లేక్ కూడా కాదు, నేరుగా పిచ్చాసుపత్రికే.

ముందు మంచి సీసాని ఆవిడ చెయ్యి పడని చోట దాచాను. తర్వాత గ్లాసులు. ఒకటి సింకులో పారబోశాను. రెండోది, బల్ల రసం పారబోయడానికి చెయ్యి రాక, వచ్చిన సీసాలోనే తిరిగి వంపేశాను. మూత పెట్టాను. వదిన గుమ్మంలో ఉంది.

"ఏటే సుగుణా, తలుపు బార్లా తీసీసి లోపల ఏటి చేస్తున్నావు?"

"ఏటీ లేదు వదినా. గ్లాసులు కడుగుతున్నాను."

"చేతిలో ఆ పుల్లేటి?"

చేతిలో స్ట్రా ఉంది. "బోండం తాగాను."

"బోండం ఏదీ?"

"తాగీసాను కదా."

"నీళ్ళు తాగీసావు. కాయ కూడా తినీసావేటి?" అని, నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "పోనీలే అమ్మా, కూకో" అంది. ఆ జాలి ఉంది చూశారూ, అది చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఆవిడ వచ్చింది సీసాల కోసమే. "రేపు నువ్వు తెస్తానని మర్చిపోతే సంఘమంతా నోరు తెరుచుకు కూకోవాల. ఇటియ్యి, ఇప్పుడే అమ్మగారింట్లో ఫ్రిజ్‌లో పెట్టీస్తాను" అంటూ బల్ల మీది సీసా తీసుకుని సంచిలో వేసేసింది. అమ్మగారంటే పాస్టరమ్మగారు.

"అది ఉండనియ్ వదినా."

"ఏం, ఎందుకు?"

"ఊరికే" అన్నాను. "మరి రెండోది?" అంది. "రేపు నేనే తెస్తాను" అన్నాను. "తెస్తావు, తెస్తావు" అంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగాక నేను బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. సీసాలో తిరిగి వంపిందేమో కుడి గ్లాసు. సబ్బు వేసింది ఎడమ గ్లాసులో. కాబట్టి ఫర్వాలేదు. కానీ సబ్బు వేసినప్పుడు నేను బల్లకి ఇటు వైపు ఉన్నానా? తర్వాత చుట్టూ తిరిగాను కదా. వంపినప్పుడు అటు వైపు ఉన్నానా? అటు వైపు ఉంటే నా కుడి చెయ్యి ఇటు ఎడమ అవుతుంది. బల్ల చుట్టూ మళ్ళీ తిరిగాను. అటు నిలబడితే అక్కడి నుంచే వంపినట్టు ఉంటుంది. ఇటు నిలబడితే ఇక్కడి నుంచే. సింకులో వాసన చూశాను. సింకు ఎప్పుడూ సబ్బు వాసనే వేస్తుంది.

అంటే ఇప్పుడు పరిస్థితి ఏమిటి? ఆ సీసాలో మొదటి నుంచీ సబ్బు ఉందో లేదో తెలీదు. లేకపోతే నేను తర్వాత వేశానో లేదో తెలీదు. సబ్బు ఉందేమో అని చూడబోయి సబ్బు కలిపిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

ఫోను తీశాను. వదిన నంబరు నొక్కబోయి ఆగాను. ఏం చెప్పాలి? చెప్తే రసం పని పోతుంది. కొడుక్కి తెలుస్తుంది. ఆ 'లే' మళ్ళీ వినాలి. ఫోను పక్కన పెట్టి ఒక ఉపాయం ఆలోచించాను. పొద్దున్నే అందరికంటే ముందు గుడికి పోయి, మంచి సీసా చేతికిచ్చి, అనుమానం సీసా వెనక్కి తీసుకుంటాను. ఒక సీసాకి కాసిని నీళ్ళు కలిపితే ఎలాగో సరిపెట్టొచ్చు. ఎవరికీ ఏమీ తెలీదు.

ఉపాయం బాగానే ఉంది. ఆదివారం పొద్దున్న మంచి సీసా కనబడలేదు.

వదిన చెయ్యి పడని చోట దాచానని చెప్పాను కదా. అంత మంచి చోటు అది. బియ్యం డబ్బా చూశాను. బీరువా చూశాను. మంచం కింద, దుప్పట్ల మడతల్లో, కుట్టుమిషను పెట్టెలో, మా ఆయన రేకు పెట్టెలో చూశాను. ప్రిస్కిల్లా కూడా వెతికింది. ఆ పిల్ల మొహం నాకంటే పాలిపోయి ఉంది.

"పెద్దత్త ఏ సీసా పట్టుకెళ్ళింది అత్తయ్యా?"

"బల్ల మీదిది."

"అంటే ఏది? రెండూ నిండుగానే ఉండేవా?"

"నిండుగానే ఉంటాయి. నేను పోసినవే కదా."

ఆ పిల్ల నా మొహం చూడకుండా మళ్ళీ మంచం కింద వెతకబోయింది. నా గురించి సిగ్గుపడుతోంది అనుకున్నాను. వర్షం పట్టుకుంది, సందులో మోకాలు లోతు నీళ్ళు. వట్టి చేతులతో, ఆలస్యంగా, చీర కుచ్చెళ్ళు తడుపుకుని గుడికి చేరాం. అప్పటికే మొదటి పాట అయిపోయింది. పెద్దలు చిన్న గ్లాసుల్లో రసం పోసి, పళ్ళెం బల్ల మీద పెట్టేశారు. ఉన్న ఒక్క సీసానే సర్దారని చూడగానే తెలిసింది, అన్నీ సగం సగమే ఉన్నాయి.

నేను స్త్రీల వైపు ముందు వరసలో కూర్చున్నాను. అక్కడి నుంచి పళ్ళెం బాగా కనబడుతుంది. గ్లాసు గ్లాసుకీ పైన నురుగు. చిన్న బుడగలు. పగలడం లేదు. ఇల్లు కట్టుకుని కూర్చున్నాయి.

మా వదిన భర్త దానియేలు అన్నయ్య పురుషుల వైపు ముందు వరసలో ఉన్నాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి చుక్క ముట్టలేదు. ఆ పళ్ళెంలో నురుగు చూసి, ఆయన మొహం మీద పాత స్నేహితుడు ఎదురుపడ్డట్టు ఒక వెలుగు వచ్చింది. వెంటనే కంగారుపడి కళ్ళు మూసుకున్నాడు. పులిసిందే అయితే ఈయన ఇన్నేళ్ళ నిగ్రహం నా చేతిలో పోతుంది. సబ్బే అయితే సంఘమంతటికీ కడుపునొప్పి. రెండిట్లో ఏదైనా చేసింది నేనే. అయ్యగారు ప్రార్థన ముగించి పళ్ళెం మీదికి చెయ్యి చాచారు.

అప్పుడే లేచాను. మీరు విన్న మాట అన్నాను.

గుడి మొత్తం నా వైపు తిరిగింది. అయ్యగారు చెయ్యి అలాగే ఉంచి, "ఉండొచ్చు అంటే ఏమిటమ్మా? ఉందా, లేదా?" అన్నారు.

"అదే తెలియడం లేదండి. సీసా తొలవడం మర్చిపోయానేమో. మర్చిపోకపోతే తర్వాత వేశానేమో. ఎడమ గ్లాసో కుడి గ్లాసో తేలలేదు. తలతన్యతని బట్టి చూస్తే ఇప్పుడు ఉన్నట్టే కనబడుతోంది."

"ఏ తలతన్యత?"

"బుడగలు చిన్నగా ఉన్నాయి కదండీ."

ఎస్తేరు వదిన లేచి, "నేను ముందే చెప్పానండి" అంది. నా పక్కన సామ్యూల్ తల దించుకున్నాడు. ఇంక అయిపోయింది అనుకున్నాను. అంతలో ప్రిస్కిల్లా లేచింది.

"అత్తయ్య తప్పు కాదండి. అది సోడా."

"ఏటీ?" అంది వదిన.

"శుక్రవారం పెరుగు తీస్తుంటే సీసా పడిపోయింది. సగం ఒలికిపోయింది. అత్తయ్యకి ఈ రసం అంటే ఎంతో... అందుకని భయమేసి, మోడ్ మీద, అదే మలుపులో, దాదా కొట్లో గ్రేప్ సోడా దొరికితే తెచ్చి నింపేశాను. చూస్తే సేమ్ కలర్. గ్యాస్ పోతుందనుకున్నాను." అని ఏడ్చేసింది.

అయ్యగారు ఒక గ్లాసు తీసుకుని వాసన చూశారు. చిటికెన వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. కాసేపు పైకప్పు వైపు చూశారు.

"సోడా ఉంది" అన్నారు. మళ్ళీ చప్పరించి, "సబ్బు కూడా ఉంది" అన్నారు.

ఎవరో వెనక నవ్వారు. ఇక ఆగలేదు. అయ్యగారే మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు సద్దుమణిగాక, "సుగుణమ్మగారూ, ఇంత తంటా ఎందుకు? నిన్ననే ఒక చుక్క రుచి చూస్తే తెలిసిపోయేది కదా" అన్నారు.

"చూడకూడదు కదండీ."

"ఎవరు చెప్పారు?"

"మా అత్తగారు."

ఇక్కడ మా వదిన నా పక్షాన నిలబడింది, నమ్ముతారో లేదో. "అవునండి. మా యమ్మ పెట్టిన నియమం. ఆవిడ జన్మలో రుచి చూడలేదు."

దానియేలు అన్నయ్య ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. అలాగే ఉండి, "మీ యమ్మ రుచి చూడకపోవడమేటి? తలుపు చాటున గ్లాసుడు తాగేది. నేను కళ్ళారా చూశాను. కోడలు తాగీకుండా పెట్టిన నియమం అది" అన్నాడు. వదిన ఆయన వైపు చూసిన చూపుకి, పాపం, కళ్ళు మూసుకుని ఉండడమే మంచిదైంది.

నాకు ఇవేవీ సరిగ్గా చెవికెక్కడం లేదు. ఒక్క ముక్కే లోపల తిరుగుతోంది. అది సోడా. అంటే మొదటి బుడగలు సోడావి. అంటే సీసా నేను తొలిచాను. రెండు సీసాలూ తొలిచాను. ఏదీ మర్చిపోలేదు. ఏడుస్తున్న కోడల్ని దగ్గరికి తీసుకుని, "ఏడవకే తల్లీ, ఎంత మంచి పని చేశావో నీకు తెలీదు" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. నేను సంఘం వైపు తిరిగి, తలెత్తుకుని, "నేను మర్చిపోలేదండి. నా జ్ఞాపకానికి ఏమీ అవలేదు" అని చెప్పాను. సామ్యూల్ వైపు ప్రత్యేకంగా చూసి చెప్పాను.

"దేవునికి స్తోత్రం. అయితే ఆ రెండో సీసా ఇలా ఇవ్వండమ్మా. అందులో మంచి రసమే కదా" అన్నారు అయ్యగారు.

"దాచానండి" అన్నాను. ఎక్కడో ఆయన అడిగేలోపు కూర్చున్నాను.

ఆ రోజు రొట్టె వరకే జరిగింది, రసం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. రసం చెయ్యడం సుగుణమ్మగారే చెయ్యాలి, చేసి తప్పకుండా రుచి చూడాలి. చేసిన వెంటనే సీసాలు దాచే పని ఎస్తేరమ్మగారిది. వదినకి ఈ తీర్పుతో తను నెగ్గినట్టో ఓడినట్టో అర్థం కాలేదు. నాకూ కాలేదు.

రెండో సీసా ఇంతవరకు దొరకలేదు. ఇంట్లో వెతకని చోటు లేదు. సామ్యూల్ నిన్న అన్నం ముందు, "సాల్ట్ లేక్ సంగతి ఏం చేద్దామమ్మా?" అన్నాడు. "సీసా దొరకనీరా, అప్పుడు వెళ్దాం" అన్నాను. దొరికితే ఇంక డాక్టరెందుకు అనొచ్చు.

ప్రిస్కిల్లా మాత్రం వెతకడం మానేసింది. "ఈ వేడికి అది పులిసి తీరుతుంది అత్తయ్యా. గ్యాస్ పట్టి మూత ఎగిరిపోతుంది. చప్పుడు ఎటు నుంచి వస్తే అక్కడున్నట్టు" అంది. సబబుగానే ఉంది. అందుకని ఇప్పుడు ఇంట్లో ఎక్కడ టప్ మన్నా ముగ్గురం లేచి పరిగెడుతున్నాం. ఇందాక పైవాళ్ళు మేడ మీద కుర్చీ జరిపితే నేనే ముందు మెట్లెక్కేశాను. జ్ఞాపకం మాట ఎలా ఉన్నా, ఈ నాలుగు రోజుల్లో నా వినికిడి మాత్రం బాగా మెరుగుపడింది.